గ్రంథాలయంలో గొంతు: శబ్ద గ్రంథం నుంచి పాడ్‌కాస్ట్ వరకు

ఉపోద్ఘాతం

గ్రంథాలయం మౌన పఠనానికి నెలవన్న భావన స్థిరపడింది. గ్రంథాలయ చరిత్రను పరిశీలిస్తే మాత్రం, పాఠకునితో పాటు శ్రోతకూ అందులో చోటుండేదని తెలుస్తుంది. నేడు గ్రంథాలయాలు రూపొందిస్తున్న పాడ్‌కాస్ట్‌లను ఆ చరిత్రలో భాగంగా గుర్తించడం, అవి గ్రంథాలయంపై మోపుతున్న బాధ్యతను వివేచించడం ఈ వ్యాస లక్ష్యం.

శబ్ద గ్రంథం

1931లో అమెరికా చట్టసభ ప్రాట్-స్మూట్ చట్టాన్ని ఆమోదించి, అంధులైన వయోజనులకు పుస్తకాలందించే పనిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. బ్రెయిలీతో మొదలైన ఈ సేవలో 1934 నాటికి ‘టాకింగ్ బుక్’ రికార్డులు చేరాయి. ఒక్కో రికార్డులో ఒక వైపున సుమారు పావుగంట పఠనమే పట్టేది కనుక, ఒక నవలకు రికార్డుల దొంతరే కావలసి వచ్చేది. అదే సంస్థ 1943లో కవుల పఠనాలను భద్రపరిచే ధ్వని భాండాగారాన్ని ఆరంభించింది. మొదటి ప్రయత్నంలో గొంతు పుస్తకానికి వాహిక. రెండవదానిలో గొంతే భద్రపరచదగిన గ్రంథం.

తెలుగునాట శ్రోతలు

దాదాపు ఇదే కాలంలో తెలుగునాట గ్రంథాలయోద్యమం గ్రామాలకు విస్తరించింది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది; అయ్యంకి వెంకటరమణయ్య కృషి దానికి వెన్నెముక. అక్షరాస్యులు కొద్దిమందే ఉన్న ఊళ్లలో గ్రంథాలయం పుస్తకాలిచ్చే చోటు మాత్రమే కాదు; పత్రికలు చదివి వినిపించే చోటు, రాత్రిబడి కూడా. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై నడిపిన పడవ గ్రంథాలయం పుస్తకాన్నే పాఠకుని చెంతకు చేర్చింది. అయితే చదివి వినిపించినవారి గొంతులు ఆ సాయంత్రాలతోనే ముగిశాయి. పుస్తకాల పట్టిక మిగిలిన చోట ఏమి చదివారో ఊహించవచ్చు. ఏ మాండలికంలో చదివారో, ఎక్కడ ఆగి అర్థం చెప్పారో తెలుసుకొనే ఆధారం లేదు.

పాడ్‌కాస్ట్ అవతరణ

ధ్వని ఫైలు చిరునామాను జోడించే వీలు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో 2000 చివర ఏర్పడింది. 2004 ఫిబ్రవరిలో ‘గార్డియన్’ పత్రికలో బెన్ హామర్స్‌లీ ‘పాడ్‌కాస్టింగ్’ అనే పదాన్ని ప్రయోగించారు. 2005 జూన్‌లో ఐట్యూన్స్ వీటికి చోటిచ్చింది. ఆ ఆగస్టులోనే హ్యూ మెక్‌గ్వైర్ లిబ్రివాక్స్‌ను ప్రారంభించారు. కాపీహక్కు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద పాఠకులు చదివి అందరికీ ఉచితంగా అందించే ఈ సంస్థ తొలి పుస్తకం జోసెఫ్ కాన్రాడ్ నవల ‘ది సీక్రెట్ ఏజెంట్’. పడవ పుస్తకాన్ని ఊరికి చేర్చినట్లే ఫీడ్ గొంతును శ్రోతకు చేరుస్తుంది.

హక్కులు, భద్రత

భారతదేశంలో రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి తమ జీవితకాలంలో ప్రచురించిన రచనలను గ్రంథాలయం నిరాటంకంగా చదివి వినిపించవచ్చు. 2012 చట్ట సవరణ, 2014లో అన్ని దేశాలకన్నా ముందుగా భారత్ ధ్రువీకరించిన మరాకేష్ ఒప్పందం ముద్రిత గ్రంథం చదవలేనివారికి శబ్ద ప్రతులు చేసే వెసులుబాటు కల్పించాయి. ఆ ప్రతినే పాడ్‌కాస్ట్‌గా అందరికీ విడుదల చేయడం ఈ వెసులుబాటు పరిధిలోకి రాదు. ఈ భేదాన్ని గ్రంథాలయం పాటించక తప్పదు.

భద్రత ఇంతకన్నా జటిలం. ఫీడ్‌లో ఉండేది ధ్వని కాదు, ధ్వని ఉన్న చోటు చిరునామా మాత్రమే. సర్వర్ అద్దె ఆగిపోతే శీర్షికలు మిగిలి గొంతులు పోతాయి. కనుక మూల ఫైలును గ్రంథాలయమే దాచుకోవాలి. చదివినవారి పేరు, ఊరు, తేదీ, ఆధార ప్రతి, అనుమతి వివరాలతో పుస్తకానికి వలెనే దానికీ ప్రవేశ సంఖ్య ఇచ్చి సూచిలో చేర్చాలి.

ముగింపు

వినిపించడం గ్రంథాలయానికి కొత్త కాదు; వినిపించినదాన్ని నిలుపుకొనే అవకాశమే కొత్తది. గ్రంథాలయోద్యమ కాలపు పాఠకుల గొంతులు దక్కకపోవడానికి సాధనాల కొరత కారణం. సాధనాలున్న ఈ కాలపు గొంతులు దక్కకపోతే ఆ కారణం చెల్లదు. సూచిలో చేరని పాడ్‌కాస్ట్ ప్రసారంగా మిగులుతుంది. చేరినది మాత్రమే రేపటి భాషా, సాహిత్య పరిశోధకునికి ఆకరమవుతుంది.