ఇత్తడి జెట్టులో నూటముప్పై ఏళ్లు

పాత బుల్లెట్ పొద్దున్నే ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోకపోయినా, సిగ్నల్ దగ్గర ఆపగానే ఆరిపోయినా, ఘాట్ రోడ్డులో పికప్ చచ్చిపోయినా షెడ్డులో వినిపించే మాట ఒకటే: "కార్బొరేటర్ విప్పాలన్నా." విప్పుతారు, పెట్రోలుతో కడుగుతారు, గాలి కొట్టి బిగిస్తారు. వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. నిజానికి ఆ మూడు జబ్బులూ మూడు వేర్వేరు చోట్ల పుడతాయి. ఇంజన్లు తయారుచేసినవాళ్లు ఒక్కో చిక్కును దాటుతూ కార్బొరేటర్‌లోకి ఒక్కో భాగాన్ని చేర్చుకుంటూ వచ్చారు. ఏ భాగం ఏ చిక్కు కోసం వచ్చిందో తెలిసినవాడికి ఏ స్క్రూ ముట్టుకోవాలో తెలుస్తుంది. ఏది ముట్టుకోకూడదో కూడా తెలుస్తుంది.

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాక్ కలిసి చెక్క చట్రం మీద ఇంజన్ బిగించిన ద్విచక్ర వాహనాన్ని నడిపించారు. అప్పటి కార్బొరేటర్ చాలా సాదా పరికరం. డబ్బాలోని పెట్రోలు మీదుగా గాలి పోతుంది, ఆవిరిని వెంట తీసుకెళ్తుంది. చిక్కల్లా ఏమిటంటే పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందే పోతుంది, అడుగున మొండి భాగం మిగులుతుంది. ఉదయం నడిచిన ఇంజన్ సాయంత్రానికి బద్ధకిస్తుంది. నెలల తరబడి నిలబెట్టిన బండి నేటికీ స్టార్ట్ కాకపోవడానికి మూలం ఇదే. తేలిక భాగం ఎగిరిపోయాక మిగిలింది జిగురుగా మారి, అన్నిటికన్నా సన్నని రంధ్రమున్న స్లో జెట్టును మూసేస్తుంది.

అసలు మలుపు 1893. బుడాపెస్ట్‌లో దోనాత్ బాంకి, యానోష్ చోంకా, జర్మనీలో మేబాక్ అదే ఏడాది ఒకే దారి పట్టారు: పెట్రోలును ఆవిరి కానివ్వడం కాదు, సన్నని జెట్టు గుండా గాలిలోకి చిమ్మించాలి. ఇరుకు దారిలో గాలి వేగం పెరిగితే ఒత్తిడి పడిపోతుందని ఇటలీ శాస్త్రవేత్త వెంచూరి 1797లోనే రాసిపెట్టాడు. ఆ తగ్గిన ఒత్తిడే పెట్రోలును పైకి లాగుతుంది. అయితే జెట్టు కింద పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. అందుకే పెట్రోలు మీద తేలుతూ, మట్టం పెరగగానే నీడిల్‌తో దారి మూసే ఫ్లోట్ వచ్చింది.

పాత బండి కింద పెట్రోలు చుక్కలు పడుతున్నాయంటే లోపం ఈ 1893 నాటి ఏర్పాటులోనే ఉంది. ఫ్లోట్ నీడిల్ మొన అరిగి గీత పడి ఉండాలి, లేదా సీటులో ఇసుక రేణువు ఇరుక్కుని ఉండాలి, లేదా చిల్లుపడిన ఫ్లోట్‌లోకి పెట్రోలు చేరి అది మునిగి ఉండాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి పెట్రోలు చప్పుడు వినిపిస్తుంది. ఇదేదీ చూడకుండా ఎయిర్ స్క్రూ తిప్పితే ఓవర్‌ఫ్లో ఆగదు.

ఒక్క జెట్టుతో ఇంకో తలనొప్పి ఉంది. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ గాలి కన్నా పెట్రోలు ఎక్కువగా లాగుతుంది, మిశ్రమం చిక్కబడిపోతుంది. బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు ఉంటేనే పూర్తిగా మండుతుంది. 1902లో ఫ్రాన్స్‌లో ఆర్థర్ క్రెబ్స్ స్ప్రింగు వాల్వుతో అదనపు గాలి దానంతటదే వచ్చేలా చేసి కార్ల బాధ తగ్గించాడు. మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు మాత్రం ఆ సుఖం వెంటనే అందలేదు. హ్యాండిల్ మీద రెండు లివర్లుండేవి, ఒకటి థ్రాటిల్‌కు, ఒకటి గాలికి. ఎత్తు వస్తే ఒకలా, పల్లం వస్తే ఒకలా రెండింటినీ సరిచేసుకుంటూ పోవాలి. ఇంజన్ చప్పుడును అంత శ్రద్ధగా విన్న తరం మళ్లీ రాలేదనే నా నమ్మకం.

1927లో ఇంగ్లండ్‌లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే కంపెనీలు కలిసి అమల్ సంస్థ అయ్యాయి. మన తాతల నాటి బుల్లెట్లకున్నవి దాని కార్బొరేటర్లే. థ్రాటిల్ తిప్పగా లోపలి స్లైడు పైకి లేచేకొద్దీ గాలి దారి తెరుచుకుంటుంది, దానికి వేలాడే కోసుగా ఉన్న నీడిల్ కూడా లేచి పెట్రోలు దారి పెంచుతుంది. బుల్లెట్ తయారీకి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. జపాన్‌లోని మికుని సంస్థ అమల్ నుంచే సాంకేతికత తీసుకుంది. తర్వాతి కాలపు బుల్లెట్లకు మికుని పద్ధతిలో మన దేశంలోనే తయారైన మిక్‌కార్బ్ వచ్చింది. పేరు మారినా లోపలి తర్కం అదే.

జబ్బు పట్టుకునే కిటుకంతా ఈ స్లైడులో ఉంది. థ్రాటిల్ గ్రిప్పు మీద సుద్దతో పావు, సగం, ముప్పావు గీతలు పెట్టుకుని బండి తోలండి. బాధ ఎక్కడ వస్తుందో చూడండి. ఎనిమిదో వంతు లోపలైతే స్లో జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా స్లైడు అంచున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అది దిగే నీడిల్ జెట్టు. ఆపైన మెయిన్ జెట్టు. బాధ వచ్చిన చోటే చోక్ కాస్త లాగితే బండి తేరుకుంటోందా, మిశ్రమం పల్చగా ఉన్నట్టు. ఇంకా ముక్కుతోందా, చిక్కగా ఉన్నట్టు. నల్లటి మసి పట్టిన ప్లగ్గు చిక్కదనాన్ని, తెల్లబడిన ప్లగ్గు పల్చదనాన్ని చెబుతాయి. బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

పాత బళ్లలో అందరూ మరిచిపోయేది నీడిల్ జెట్టు. ఇంజన్ లాగుడుకు నీడిల్ నిరంతరం వణుకుతూ ఇత్తడి అంచును రాస్తుంది. ఏళ్లు గడిచేసరికి గుండ్రటి రంధ్రం కోలగా మారుతుంది. కంటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది, మైలేజీ మాత్రం పడిపోతుంది, సగం థ్రాటిల్‌లో బండి గొణుగుతుంది. నీడిల్ క్లిప్పును పై గాడిలోకి మారిస్తే నీడిల్ కిందికి దిగి కొంత సర్దుకుంటుంది కానీ అది తాత్కాలికమే. జెట్టు, నీడిల్ జతగా మార్చాల్సిందే. దయచేసి జెట్టులో ఉక్కు తీగ గుచ్చనివ్వకండి. ఒక్కసారి రంధ్రం పెద్దదైతే ఆ కొలత తిరిగి రాదు. గాలి కొట్టడమో, నైలాన్ పోగుతో శుభ్రం చేయడమో చాలు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఐడిలింగ్ రేస్ అవుతుంటే ఇంజన్‌కు కార్బొరేటర్ అతికే చోట చూడాలి. నట్లు అతిగా బిగిస్తే పాత అమల్ ముఖం వంకర పోతుంది, ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. జాయింటు చుట్టూ గ్రీజు రాస్తే ఐడిలింగ్ మారిందా, దొంగ దొరికినట్టే. కొంతదూరం పోయి ఆగిపోయిన బండి ట్యాంకు మూత తెరవగానే మళ్లీ నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట. ఇంకో మాట, కార్బొరేటర్ జోలికి పోయేముందు ఇగ్నిషన్ పాయింట్లు చూడండి. పాత బుల్లెట్‌కు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ పాయింట్లతో ఉండే కండెన్సర్ చేసిన తప్పుకు ఎన్నో కార్బొరేటర్లు అన్యాయంగా శిక్ష అనుభవించి అరిగిపోయాయి.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో గాలీ పెట్రోలూ కలిపే పని కంప్యూటర్ చేతికి పోయింది. సెన్సర్లు కొలుస్తాయి, ఇంజెక్టర్ చిమ్ముతుంది. మిగిలిన పాత బళ్లకు కొత్త చిక్కు బంకు నుంచే వచ్చింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలవుంటే నీరు విడిపోయి ఫ్లోట్ గిన్నె అడుగుకు చేరుతుంది, జింకు మిశ్రమంతో పోసిన బాడీ మీద తెల్లటి పొడి పడుతుంది, పాత రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. అందుకే రెండు వారాలకు మించి బండి తీయమనుకుంటే ముందు పెట్రోలు కాక్ మూసి, ఇంజన్ ఆగేదాకా నడిపి, గిన్నె కింది స్క్రూ విప్పి మిగిలిన పెట్రోలు ఓ సీసాలోకి వంపేయండి. మళ్లీ బండి తీసే రోజున కాక్ తెరిచి గిన్నె నిండేదాకా ఆగి, ఆ తర్వాతే కిక్కు కొట్టండి.