చిరాగ్ అలీ గల్లీలో మేలుకొనని యంత్రముల చికిత్స

ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కొలువులో ఆంతరంగిక పరిచారకుడుగా నుండి ప్రభువు వస్త్రాభరణములను కనిపెట్టుకొని యుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా దేశస్థుడు, ఆ కొలువుతో పాటు నడుపుకొన్న దుకాణము కాలగర్భమున కలిసిపోయినను, అతని పేరు మాత్రము ఆబిడ్స్ కూడలిగా నగరవాసుల నాలుకపై నిలిచిపోయినది. ఆ కూడలికి చేరువనే, నాంపల్లి పొలిమేరను ఒరసికొని యున్న ఒక గల్లీకి, మొదటి సాలార్ జంగు పిలుపున వచ్చి నిజాము ప్రభుత్వమున ఉన్నతోద్యోగములు నిర్వహించిన మౌల్వీ చిరాగ్ అలీ (1844–1895) పేరు దక్కినది. ప్రాచీన ధర్మశాస్త్రములను కాలానుగుణముగా పునర్విచారణ చేయవలెనని జీవితాంతము వాదించిన ఆ పండితుని పేర వెలసిన గల్లీలో నేడు మదర్‌బోర్డులు, ర్యాములు, సీసీ కెమెరాలు అమ్ముడుపోవుచుండుట చూచినచో ఆయన విస్తుపోవునో, సంతోషించునో చెప్పలేము. జంటనగరములలో కంప్యూటర్ల పెద్ద అంగడి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే యైనను, మూసీకి ఈవలనున్న వారికిని ఆవలనున్న వారికిని చిరకాలముగా దగ్గరి ఆసరా ఈ గల్లీయే.

ఇచ్చటికి యంత్రమును చంకనిడుకొని వచ్చువారు చెప్పుకొను బాధ ఇంచుమించు ఒక్కటే: “లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు.” దానికి తొందరపాటు దుకాణములలో దొరకు ప్రత్యుత్తరమును ఒక్కటే: “ఫార్మాట్ కొట్టాలె సార్.” ఈ రెండు వాక్యముల నడుమ ఎన్ని కుటుంబముల పెండ్లి ఛాయాచిత్రములు, ఎందరి పరిశోధన వ్యాసములు, ఎన్ని చిల్లర దుకాణముల ఖాతాలు నిష్కారణముగా నశించినవో లెక్క లేదు. నిష్కారణముగా ననుటకు హేతువు కలదు. యంత్రము మేలుకొనకుండుట వేరు, దానిలోని సంపద నశించుట వేరు. ఈ భేదమును గ్రహింపవలెనన్నచో కొంత వెనుకకు పోవలసియుండును.

1967 ఏప్రిల్‌లో అయ్యగారి సాంబశివరావు సారథ్యమున ఈసీఐఎల్ హైదరాబాదులో స్థాపితమై, 1969 నాటి టీడీసీ-12తో మొదలుకొని టీడీసీ-312, టీడీసీ-316 మొదలగు స్వదేశీ కంప్యూటర్లను వెలువరించుచున్న ఆ కాలమున, లోకమునందలి ఆ తరము చిన్న యంత్రములకు తమంతట తాము మేలుకొను విద్య సాధారణముగా తెలియదు. విద్యుత్తు అందిన పిమ్మట, ఎదుటి పలకపైనున్న మీటలను ఒక్కొక్కటిగా పైకి క్రిందికి వేసి, సున్నలు ఒకట్లుగా ఒక చిన్న ఆదేశమాలను మనుష్యుడే జ్ఞాపకశక్తిలోనికి ఎక్కింపవలెను. ఆ చిన్న ఆదేశమాల చిల్లులు పొడిచిన కాగితపు నాడాను చదివి, అంతకంటె పెద్దదానిని లోనికి తెచ్చును. ఆ పెద్దది తక్కిన వ్యవస్థనంతయు నిలుపును. చెంచాడు తోడు వేయనిదే కుండెడు పాలు పెరుగు కానట్లు, ఆ మొదటి కొలదిపాటి ఆదేశములు లేనిదే గదియంత యంత్రము కూడ నిర్జీవ లోహమే. ఒక్క మీట తారుమారైనచో పని మొదటికి వచ్చును. కనుక నాటి నిర్వాహకునికి యంత్రము ఏ మెట్టుపై ఆగినదో వ్రేళ్ల కొసలకే తెలిసియుండెడిది.

విదేశీ సంస్థలు తమ వాటాను 40 శాతమునకు తగ్గించుకొనవలెనన్న నిబంధన కొప్పుకొనక 1978లో ఐబీఎం భారతదేశమును వీడినప్పుడు, అది విడిచిపోయిన యంత్రములను బ్రతికించు భారము కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అనగా సీఎంసీ అను ప్రభుత్వ సంస్థపై పడినది. అనంతరము హైదరాబాదునందు పరిశోధన కేంద్రము నెలకొల్పి ప్రసిద్ధికెక్కిన ఆ సంస్థ పేరులోనే మరమ్మతు ఉండుట గమనింపదగినది. మన దేశమున కంప్యూటరు విద్య మరమ్మతుతోనే మొదలైనదన్నచో అతిశయోక్తి యగును గాని, మరమ్మతు చేసినవారికి దక్కవలసిన గౌరవము ప్రోగ్రాములు వ్రాసినవారికే దక్కినదనుట మాత్రము సత్యము.

1981 ఆగస్టు 12న వెలువడిన ఐబీఎం పీసీలో మీటల పని బయాస్ అను చిప్పుకు అప్పగింపబడినది. 1984 నవంబరు నాటి కంప్యూటరు విధానము దిగుమతుల కట్టుబాట్లను సడలించిన పిదప, విడి భాగములను తెచ్చి కూర్చిన “అసెంబుల్డ్” పెట్టెలు వీధి దుకాణములకు చేరినవి. పలక పోయినను మెట్లు పోలేదు. మీట నొక్కగానే బయాస్ ముందు తన్ను తాను పరీక్షించుకొని, ప్రాసెసరును, ర్యామును, వీడియో కార్డును తడిమి చూచుకొని, సమస్తము సరియే యైనచో పెక్కు యంత్రములలో ఒక్క పొట్టి బీప్ చేయును. పిమ్మట డిస్కుయొక్క మొట్టమొదటి 512 బైట్లను చదువును. పాత పద్ధతి డిస్కులలో వానియందు 446 బైట్లు ఆదేశములు, 64 బైట్లు విభాగముల పట్టిక, తుది రెండును గుర్తు. ఆ గుర్తు చెరిగినచో, డిస్కునిండ సమాచారము చెక్కుచెదరక యున్నను, యంత్రము తనకు ఆపరేటింగ్ సిస్టమే దొరకలేదని ఫిర్యాదు చేయును.

చేయి తిరిగిన మెకానిక్ బల్లయొద్ద ఒక్క ఘడియ నిలిచినచో ఈ మెట్లన్నియు వరుసగా కానవచ్చును. అతడు ముందు విద్యుత్తు నందించు ఎస్‌ఎంపీఎస్ పెట్టె తీగల గుత్తిని ఊడదీసి, ఆకుపచ్చ తీగను నల్ల తీగతో చిన్న తీగముక్కతో కలుపును. ఫ్యాను తిరుగనిచో దోషము అచ్చటనే. తిరిగినచో “ర్యామ్ నికాల్‌కే సాఫ్ కర్” అని కుఱ్ఱవానికి చెప్పును. ఆ కుఱ్ఱవాడు ర్యాము పలక అంచునందలి బంగారుపూత పండ్లను బడిపిల్లల రబ్బరుతో రుద్ది, పొడిని ఊది, రెండు వైపుల క్లిప్పులు టిక్కుమనునట్లు మరల బిగించును. నవ్వులాటగా తోచు నీ రబ్బరు వైద్యమునకు లేచి కూర్చున్న పెట్టెలు కోకొల్లలు. తారీఖు పదే పదే వెనుకకు పోవుచున్నచో రూపాయి బిళ్లవంటి సీఆర్2032 బ్యాటరీ మార్చును. 2000 తరువాతి కొన్నియేండ్ల బోర్డులలో నాసి ద్రావణముతో చేసిన కెపాసిటర్లు నెత్తి ఉబ్బి పగులుట సాధారణ వ్యాధి; వానిని చూపుతోనే పసిగట్టి టంకపు కఱ్ఱ చేతబట్టును. ఇంతవరకు డిస్కు జోలికి అతడు పోనేలేదని పాఠకులు గమనింతురు గాక.

యంత్రము మేలుకొనకున్నంత మాత్రమున దానిలోని సంపద నశింపదను మాటను డిస్కును గాయపరచిన వైరసుల చరిత్ర సయితము బలపరచును. 1986లో లాహోరున పుట్టిన బ్రెయిన్ వైరసు ఫ్లాపీయొక్క మొదటి సెక్టారును ఆక్రమించినను, అసలుదానిని మఱియొక చోట దాచియుంచినది. 1999 ఏప్రిల్ 26న విజృంభించిన సీఐహెచ్ అంతకంటె క్రూరమైనది: డిస్కు మొదటి మెగాబైటును సున్నలతో నింపి, వీలైనచోట బయాస్ చిప్పునే చెఱచినది. అట్టి దుర్దినమునందును పట్టికను పునర్నిర్మించి పెక్కు డిస్కులలోని సమాచారమును వెలికితీయగలిగిరి. ఫార్మాట్ కొట్టి, పైన క్రొత్త విండోస్ వేసినవారు ఆ అవకాశమును చేజార్చుకొనిరి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన ఒక దోషభూయిష్టమైన ఫైలు వలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము, ప్రపంచమున 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయినవి. ఆ దినమున హైదరాబాదు నుండి కోల్‌కతా పోవు ప్రయాణికునకు చేతివ్రాతతో ఇచ్చిన బోర్డింగ్ పాసు దేశమంతట చర్చనీయమైనది. అంత ఉపద్రవమునకును మందు సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఒక్క ఫైలును తొలగించుటయే; కాని మేలుకొనని యంత్రమునకు దూరమునుండి ఆజ్ఞ పంపుట దుష్కరమగుటచే, అనేక స్థలములలో ఒక మనుష్యుడు వెళ్లి దాని యెదుట కూర్చుండవలసి వచ్చినది. ఈసీఐఎల్ నాటి మీటల మనిషి పని యింకను ముగియలేదన్నమాట.

కావున పాఠకులకు ఒక మనవి. మీ యంత్రము మేలుకొననినాడు దానిని ఏ గల్లీకి తీసికొనిపోయినను, చీటీపై లోపము వ్రాయించుటకు ముందు, “డిస్కు తీసి వేరొక సిస్టమునకు తగిలించి డేటా కాపీ చేసిన తరువాతనే మిగిలిన పని” అని స్పష్టముగా చెప్పుడు. డిస్కుకు తాళము వేసియున్నచో బిట్‌లాకర్ కీని వెంట నుంచుకొనుడు. కాపీకి వేరుగా రుసుము అడిగినచో బేరమాడక ఇండు.