చివరి మ్యాచ్ ఆడకుండానే కప్పు: స్పెయిన్ బాస్కెట్‌బాల్ 1983-84

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో ఫైనల్ దాకా వచ్చి, రెఫరీతో గొడవపడి "మేం ఆడం పో" అని వెళ్ళిపోయే టీములను మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కల మీరూ చూసే ఉంటారు. స్పెయిన్‌లో బార్సిలోనా కూడా అదే పని చేసింది, అదీ ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్లో!

అంతకుముందు అక్కడ లీగ్‌ని ఫెడరేషన్ నడిపేది. అందరూ అందరితో ఆడాలి, పాయింట్లు ఎక్కువున్నోళ్ళకి కప్పు. 1982లో క్లబ్బులు కలిసి ఏసీబీ అని ఒక సంఘం పెట్టుకున్నాయి. 1983-84 నుంచి లీగ్ వాళ్ళ చేతికొచ్చింది. 16 టీములు, చివర్లో కొత్తగా ప్లేఆఫ్‌లు. ఫైనల్ అనే మాట ఉంటేనే కదా జనం ఎగబడేది!

ఆ ఫైనల్‌కి వచ్చింది రియల్ మాడ్రిడ్, బార్సిలోనా. మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది మాడ్రిడ్‌ది, రెండోది బార్సిలోనాది. ఆ రెండో మ్యాచ్‌లోనే కొట్టుకున్నారండి. బార్సిలోనా తరఫున అమెరికన్ మైక్ డేవిస్, అటువైపు ఇతురియాగా, ఫెర్నాండో మార్టిన్. రెండు వైపులా ఆటగాళ్ళకి శిక్ష పడింది. ఇది అన్యాయమని బార్సిలోనా మూడో మ్యాచ్‌కి రానేలేదు. కప్పు మాడ్రిడ్‌కి ఇచ్చేశారు.

వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది గానీ, రాకపోవడం మాత్రం తప్పే అంటాను. టికెట్ కొన్నోడు ఏం పాపం చేశాడు?

ఇంకో ముచ్చట. అదే ఆగస్టులో లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్. మార్టిన్, ఇతురియాగా, బార్సిలోనా ఎపి, అందరూ ఒకే జెర్సీలో ఆడారు. ఫైనల్లో మైకేల్ జోర్డాన్ ఉన్న అమెరికా చేతిలో ఓడి, వెండి పతకంతో ఇంటికొచ్చారు.