పొలిమేర ఎవరిది? తెలుగు ఇంటితెర చేతబడి కథలు, భద్రాచలం అడవి అంచు

అనిల్ విశ్వనాథ్ దర్శకత్వంలో సత్యం రాజేష్ ప్రధాన పాత్ర పోషించిన ‘మా ఊరి పొలిమేర’ 2021 డిసెంబర్ 10న నేరుగా డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో విడుదలైంది. రెండో భాగం 2023 నవంబర్‌లో థియేటర్లకు వచ్చింది. ఆటో నడిపే కొమరయ్య, కానిస్టేబుల్‌గా పనిచేసే తమ్ముడు జంగయ్య, ఊళ్లో అంతుపట్టని చావులు, చేతబడి అనుమానం దీని కథావస్తువు. హైదరాబాద్‌లో ఫోన్‌లో చూసేవారికి ఇది ఉత్కంఠ కలిగించే కాలక్షేపం. భద్రాచలం అడవి అంచున ఉన్న చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో చూసేవారికి అంతకంటే దగ్గరి విషయం. చేతబడి చేశారన్న అనుమానంతో జరిగిన దాడులు, హత్యల వార్తలు ఆ ప్రాంతపు పత్రికల్లో ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి.

నేరకథ సాక్ష్యం అడుగుతుంది. భయానక కథ నమ్మకం అడుగుతుంది. రెండూ కలిసిన కథలో చివరికి ఏది నెగ్గిందన్నది శిల్పానికి సంబంధించిన ప్రశ్నగానే మన విమర్శకులు చూస్తున్నారు. ఏజెన్సీ గూడెంలో అది ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న కూడా అని ఈ వ్యాసం వాదన.

చేతబడిని కథగా చెప్పే ఈ ధోరణికి మూలం టీవీ కంటే ముందు వారపత్రికలో ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో ధారావాహికగా వచ్చి లక్షలమందిని భయపెట్టింది. అందులో నగరంలోని పసిపిల్లకు కీడు తలపెట్టే కాద్రా అడవి పల్లె మనిషి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అంటూ ఆ నవల మీద పుస్తకమే రాశారు. క్షుద్రవిద్యను నిజమని నమ్మించడం మీద అప్పట్లో అంత వాదం జరిగినా, కీడంతా అడవి నుంచే వస్తుందనే కథన అలవాటును పట్టించుకున్నవారు తక్కువ. 1995లో ఈటీవీ మొదలయ్యాక ఆ దశాబ్దం చివర అచ్యుత్, యమున నటించిన ‘అన్వేషిత’ ఆ భయాన్ని వారంవారం ఇంటి నట్టింట్లోకి తెచ్చింది. తర్వాత ‘నేరాలు ఘోరాలు’ వంటి కార్యక్రమాలు నిజంగా జరిగిన నేరాలను నటులతో మళ్లీ నడిపించి చూపాయి. ‘పొలిమేర’ ఈ రెండు పాయలూ కలిసిన చోట పుట్టింది.

తెర మీది మంత్రగాడు బలవంతుడు; చూపుతోనే చంపగలడు. అడవి అంచు పల్లెల్లో నింద మోసేది సాధారణంగా బలహీనులు: ఒంటరి ముసలివాళ్లు, భూమి తగాదాలో ఓడినవాళ్లు, నాటుమందు ఇచ్చే పెద్దవాళ్లు. మలేరియా పట్టి పీడించిన మన్యం ఇది. వానాకాలం వాగులు పొంగితే ఆసుపత్రికి దారి ఉండదు. జ్వరంతో పోయిన బిడ్డకు కారణం చెప్పేవాళ్లు లేనప్పుడు, ఆ చావు ఎవరో ఒకరి తలకు చుట్టుకుంటుంది. ఈ వాగును, ఈ జ్వరాన్ని మన భయానక చిత్రాలు చూపవు.

చట్టం సంగతి మరింత ఆలోచించదగ్గది. భద్రాచలానికి పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2005లో ‘టోనహీ’ (మంత్రగత్తె) వేధింపుల నిరోధక చట్టం చేసింది. ఒడిశా 2013లో మంత్రగత్తె నిందలను అరికట్టే చట్టం తెచ్చింది. తెలంగాణలోనూ, 2014లో భద్రాచలం చుట్టుపక్కల కొన్ని మండలాలు కలిసిన ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ప్రాణం పోయాక హత్య కేసు నమోదవుతుంది. అంతకుముందు నెలల తరబడి సాగే నిందకు, వెలివేతకు సరిపోయే సెక్షన్ దొరకడం కష్టం. ఇటువైపు కూడా అలాంటి చట్టం రావాల్సిందే.

ప్రసార నియమాల్లోనూ ఇలాంటి ఖాళీ ఉంది. 1994 నాటి కేబుల్ టీవీ నియమాల్లో ఆరవది మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలను నిషేధిస్తుంది. ఓటీటీలకు వర్తించే 2021 ఐటీ నియమాలు హింస, భాష వంటివాటితో పాటు భయానకతను కూడా వయసుల వర్గీకరణకు కొలమానంగా తీసుకుంటాయి. అంటే ఎంత వయసువాళ్లు భయపడవచ్చో చెబుతాయి, అంతవరకే. నిషేధం కావాలని నేను అనడం లేదు. పాత నియమం ఉండగానే టీవీలో దయ్యాల సీరియళ్లు దశాబ్దాలు నడిచాయి. రచయితలు ఏ ముగింపు ఎంచుకుంటున్నారన్నదే నాకు ముఖ్యం.

వేరే దారి ఉందనడానికి జీ5లో 2024 నవంబర్‌లో వచ్చిన ‘వికటకవి’ ఉదాహరణ. 1970 నాటి నల్లమల ప్రాంతంలో, జనం జ్ఞాపకశక్తి కోల్పోవడాన్ని ఊరు శాపమని నమ్ముతుంది. ఉస్మానియా విద్యార్థి అయిన డిటెక్టివ్ ఆ శాపం వెనక ఆచూకీ తీస్తాడు. భయం తగ్గలేదు, కథ చప్పబడలేదు. ‘పొలిమేర’కూ ఒక గొప్పదనం ఉంది. దోషిని అడవిలోని పరాయివాడిగా చూపలేదు. మనకు ముందునుంచీ తెలిసిన, నవ్వుతూ ఆటో నడిపే, ఇంటి పెద్దకొడుకే అందులో అనుమానితుడు. ‘తులసిదళం’ నాటి నుంచి అడవి పల్లె మీద పడిన మచ్చను ఆ ఒక్క ఎంపిక కొంత తుడిచింది. కానీ క్షుద్రవిద్య ఫలిస్తుందన్న మాటను మాత్రం కథ కొట్టివేయలేదు. చర్లలో ఒక ముసలమ్మ మీద వేలెత్తి చూపేవాడికి కావలసింది సరిగ్గా ఆ మాటే.