దోనెకు విద్యుత్ మోటారు - వార్ధా నది నేర్పిన పాఠము

వార్ధా నది ఘుగ్గుస్ తెలుగువారికి పరాయిది కాదు. మన యూరికి చేరువన వఢాయొద్ద పెన్‌గంగ దీనిలో కలియును. దిగువన వైన్‌గంగతో కూడి ప్రాణహిత యను పేరు దాల్చి, కాళేశ్వరమున గోదావరిని చేరును. రాజమహేంద్రవరమున మన బంధువులు స్నానమాడు నీటిలో మన వార్ధా నీరును ఒక పాలు కలదు. ఈ నీటిత్రోవపై యంత్రముతో పడవ నడుపవలెనను తలంపు క్రొత్తది కాదు. చేపలవేటకు వాడు కయాకులకు చిన్న విద్యుత్ మోటారు బిగించు వాడుక లోకమున వ్యాపించుచున్న ఈ తరుణమున, ఆ పూర్వకథను చెప్పదలచితిమి.

కయాకు ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనుల వేటపడవ. కొయ్యతోను ఎముకలతోను చట్టము కట్టి, దానిపై సీల్ తోలును బిగించెడివారు. మన దోనె మాను తొలిచి చేసినది. రెండును సన్నని యొడలు గలవి. రెండింటికిని మనిషి భుజబలమే యంత్రము. లోతున్నచోట తెడ్డు, లోతు లేనిచోట గెడ, గాలి వీచినచోట తెరచాప, ఇవియే మన పడవవారి సాధనములు.

1838లో రష్యాలో నేవా నదిపై యాకోబీ యను శాస్త్రజ్ఞుడు సుమారు పండ్రెండుగురిని ఎక్కించుకొని బాటరీల బలమున పడవ నడిపెను. 1881లో పారిస్‌లో గుస్తావ్ త్రూవే యనునతడు మోటారును, నీటిని త్రోయు రెక్కల చక్రమును, చుక్కానిని ఒక్కటిగా కూర్చి, పడవ వెనుక తగిలించుటకును తీసివేయుటకును వీలుగా అమర్చెను. పడవను మార్పక యంత్రమును చేర్చు పద్ధతికి దారి చూపినది ఇదియే. 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణమున చేపలవేటకు తగిన చిన్న విద్యుత్ మోటారు వెలసెను. చప్పుడు స్వల్పమగుటచే చేప బెదరదు. అందుచేతనే అది వేటగాండ్ర మన్నన పొందెను.

మన నదిమీది కథ వేరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినను కాటన్ దొర తలంపులు అంతటితో ముగియలేదు. వార్ధా లోయలోని ప్రత్తిని నీటిత్రోవన సముద్రతీరమునకు చేర్పవలెనని ఆయన వాదించెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై, అక్కడి ప్రత్తి ఇంగ్లండునకు కరవగుటచే ఈ వాదమునకు బలము చేకూరెను. త్రోవలో రాతి అడ్డములు మూడు: గోదావరిలో దుమ్ముగూడెము, ఇంచంపల్లి; ప్రాణహితలో దేవలమర్రి. దుమ్ముగూడెమున ఆనకట్టయు, పడవల కాలువయు, లాకులును కట్టిరి. కాని రాయి సులభముగా లొంగలేదు, వేసవిలో నీరు చాలలేదు, వ్యయము పెరిగెను, ఇంతలో రైలు వార్ధా లోయకు వచ్చెను. 1871లో ఆ పనిని విడిచిరి. పొగయోడ ఎంత బలము గలదైనను, అడుగున నీరు లేనిచో అది ఇనుపపెట్టెయే కదా! 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తికాగా మదరాసునుండి ఢిల్లీకి సూటిదారి ఏర్పడెను. గనుల పనికి మనవారిలో పెక్కురను ఇచ్చటికి తెచ్చినది ఆ దారియే.

నదిని అడిగి యంత్రమును బిగింపవలెనను ఈ పాఠము చిన్న దోనెకును వర్తించును. లెక్క వేసి చూతము. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బాటరీలో 1200 వాట్-గంటల శక్తి యుండును. 300 వాట్ల మోటారు దానితో 4 గంటలు నడువవలెను. కాని సీసపు బాటరీని సగమునకు మించి వాడినచో త్వరగా చెడును గనుక 2 గంటలే మేలు. దాని బరువు 25 కిలోలకు పైమాటే. లిథియం బాటరీ అందులో సగముండును, వెల మాత్రము హెచ్చు. వేగము రెట్టింపు కోరినచో శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావలెను. కావున మెల్లగా పోవువాడే దూరము పోవును. బరువును అడుగున, నడుమ ఉంచవలెను. బాటరీ చెంతనే ఫ్యూజు ఉండవలెను. రాళ్లు, వలలు ఉన్నచోట రెక్కల చక్రమును పైకెత్తవలెను.

ఇంకొక మాట. మోటారు పొగ విడువదు గాని, దాని బాటరీని నింపు విద్యుత్తులో పెద్దపాలు బొగ్గునుండి పుట్టినదే. ఆ పొగ ఎట్టిదో బొగ్గుగనుల నడుమ నివసించు మనకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. 2017లో కేరళమున వైకమువద్ద 75 మందిని మోయు ఆదిత్య యను పడవ సూర్యరశ్మితో నడచుట మొదలిడెను. ఆ త్రోవ మన రేవునకును రావలెనని కోరుదము.

అంతవరకు, అటుపిమ్మటను, మోటారు బిగించిన దోనెలో తెడ్డును విడువరాదు. యంత్రము నిలిచిననాడు ఒడ్డు చేర్చునది అదియే. గెడ, తెడ్డు, చుక్కాని యను మాటలను మన పిల్లలు ఈ నది యొడ్డుననే మననోట విని నేర్తురుగాక.