ఫర్మానా నుంచి పంచర్ దుకాణం దాకా

'సాయిబులకు పిల్లలెక్కువ, చదువు తక్కువ. అందుకే ఆ బీదరికం.' ఈ మాట నేను చాయ్ హోటల్లో విన్నాను, పెళ్ళిపందిట్లో విన్నాను, పత్రికాఫీసులో పక్క కుర్చీలోంచి కూడా విన్నాను. అన్నవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ. చరిత్ర తెలియనివాళ్ళే ఎక్కువ. ఆ చరిత్ర మాలో చాలామందికీ తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా దాదా నిజాం జమానాలో ఓ జిల్లా కచేరీలో అహల్కార్. చిన్న నౌకరీ. ఆ నౌకరీ వెనక పెద్ద కథ ఉంది. 1880లలో హైదరాబాద్ రాజ్యంలో ఫార్సీ పోయి ఉర్దూ పాలనాభాష అయింది. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వెలువడింది. 1918లో అది ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగ్ సహా అన్నీ ఒక దేశభాషలో చెప్పిన విశ్వవిద్యాలయం అది. పుస్తకాల అనువాదానికి దారుల్ తర్జుమా పెట్టారు. గర్వపడవలసిన పనే. కానీ ఆ దేశభాష ఎవరిది? రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు నూటికి పదిమంది. తెలుగు పిల్లవాడు పరాయి భాష నేర్చుకుంటే తప్ప పై చదువు లేదు, సర్కారీ కొలువు లేదు. 1921లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆంధ్ర జన సంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. ఇది మనం దాచుకోనక్కర్లేని నిజం.

అయితే ఉర్దూ మీడియం వల్ల ముస్లింలంతా బాగుపడ్డారా? పడలేదు. పల్లెల్లో దూది ఏకే దూదేకులవాళ్ళ ఇంటిభాష తెలుగు. వాళ్ళకు ఆ ఉర్దూ బడి ఎంత దూరమో మాలమాదిగలకూ అంతే దూరం. నవాబుల, జాగీర్దార్ల పిల్లలకు వేరే దారి ఉంది. 1923లో వాళ్ళకోసమే జాగీర్దార్ కాలేజీ వెలిసింది. దొరల బడి పద్ధతిలో నడిచిన ఆ కాలేజీయే తర్వాత హైదరాబాద్ పబ్లిక్ స్కూలయింది. ఒకే మతంలో మూడు తరగతులు: ఇంగ్లీషు దొరికినవాడు, ఉర్దూ దొరికినవాడు, ఏదీ దొరకనివాడు. 1951 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమంది కూడా లేరు. విశ్వవిద్యాలయానికి గోపురాలు లేచాయి కానీ ఊళ్ళో బడికి పైకప్పు లేదు.

1948 సెప్టెంబర్లో పోలీస్ యాక్షన్ వచ్చింది. ప్రాణాలు పోయిన లెక్క వేరే రాయాలి. నేనిక్కడ చదువు విలువ పోయిన లెక్క రాస్తున్నాను. ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. కచేరీల్లోంచి ఉర్దూ పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వాటిమీద బతికిన చిన్నాచితకా కొలువులన్నీ పోయాయి. జాగీర్దార్ల కొడుకులు ఇంగ్లీషుతో ఒడ్డున పడ్డారు. మా దాదా చేతిలో మిగిలింది అందమైన ఉర్దూ దస్తూరీ ఒక్కటే. దానికి బజార్లో ధర లేదు.

దాదాకు ఆరుగురు పిల్లలు. ఆ రోజుల్లో పక్కింటి రెడ్డిగారికీ అంతే, వెనకింటి చాకలి మల్లయ్యకూ అంతే. రెడ్డిగారికి భూమి ఉంది. మా ఇంట్లో పెద్దబ్బాలిద్దరూ పంచర్ దుకాణంలో చేరితేనే నాలుగోవాడైన అబ్బా బడికి పోగలిగాడు. పెన్షన్ లేని ఇంట్లో పిల్లలే పెన్షన్. పదేళ్ళకే సంపాదించే పిల్లవాడు తల్లిదండ్రులకు బరువెలా అవుతాడు? బడికి పంపితేనే వాడు ఖర్చు. చదువుకు ఫలం కనిపించినప్పుడే జనం తక్కువమందిని కని ఎక్కువ చదివిస్తారు. మతగ్రంథం చూసి ఎవరూ పిల్లల్ని లెక్కపెట్టుకోరు.

తప్పంతా చరిత్రమీదకే నెడితే అది కూడా అబద్ధమే. మా ఆపా చదువులో నాకంటే చురుకు. ఉర్దూ మీడియం హైస్కూలు ఊరికి అవతలి కొసన ఉందని ఏడో తరగతిలోనే మాన్పించారు. నన్నేమో తెలుగు మీడియంలో వేశారు. బస్ చార్జీ నాకుంది, ఆపాకు లేదు. అడ్డం చెప్పినవాళ్ళు లేరు. నేనూ చెప్పలేదు. పదిహేడేళ్ళకు ఆపాకు నికా అయింది. నలుగురు పిల్లలు. ఇప్పుడు ఆపా కూతురు డిగ్రీ చేసి టీచర్‌గా పనిచేస్తోంది. ఆమెకు ఒక్కడే కొడుకు. అదే ఇల్లు, అదే నమాజు, అదే ఖురాన్. మారింది బడి ఒక్కటే.

దేశం లెక్కలూ ఇదే చెబుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 నాటికి అవి 2.4, 1.9 అయ్యాయి. తేడా ఇంకా ఉంది, కానీ సగానికి పైగా కరిగింది. అదే సర్వేలో బీహార్ హిందువులకు 2.9, తమిళనాడు ముస్లింలకు 1.9. దీనికి మతం ఏం జవాబు చెబుతుంది? బడి ముఖం చూడని స్త్రీకి 2.8, పన్నెండేళ్ళు చదివిన స్త్రీకి 1.8. జవాబు ఇక్కడుంది. 'మీరంతా మదర్సాలకే పోతారుగా' అనేవాళ్ళకు 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చాలు. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాకు వెళ్ళేది నూటికి ముగ్గురు, నలుగురే.

1998లో హైటెక్ సిటీ తెరుచుకుంది. నగరానికి డబ్బొచ్చింది. ఆ డబ్బు అడిగిన అర్హత ఇంగ్లీషు, కంప్యూటర్. చార్మినార్ వెనక గల్లీల్లో గాజులు చేసే పిల్లకు ఆ రెండూ లేవు. ఒకే నగరంలో అభివృద్ధి ఒకవైపు పరిగెత్తింది, అసమానత రెండోవైపు పెరిగింది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్, 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు కొంత దారి తెరిచాయి. గురుకులంలో సీటొచ్చిన ఆడపిల్లకు బస్ చార్జీ గొడవ లేదు. ఆ ఒక్క చార్జీ ఎంత ఖరీదో మా ఆపాకు తెలుసు.

ఉర్దూను వదులుకొమ్మని నేననను. నా రొట్టె రెండు భాషల్లోనూ ఉంది. ఏ భాషలో చదివినా ఆ చదువు చివర కూడు దొరకాలంటాను. ఒక రాజ్యం బడిని కొందరికే ఇచ్చింది. తర్వాతి రాజ్యం ఆ బడికి విలువ తీసేసింది. మధ్యలో మేము ఆడపిల్లల్ని ఇంట్లో కూచోబెట్టాం. మూడూ కలిస్తే వచ్చిన బీదరికం ఇది.

మొన్న ఈద్‌కు వెళ్తే ఆపా మనవడి పలకమీద మూడు భాషల్లో తన పేరు రాసుకుంటోంది. ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పు పోయింది. మనవడు దిద్దాడు. ఆపా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.