జూబ్లీహిల్స్ ఎండలో నైట్రో బాటిల్

కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు "నైట్రో" అనీ "నాస్" అనీ పిలిచే నైట్రస్ ఆక్సైడ్ ఇంధనం కాదు, దానంతట అది మండదు. ఇంజిన్ వేడికి, సుమారు 300 డిగ్రీల దగ్గర, అది విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది. మామూలు గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమైతే ఈ వాయువులో 36 శాతం. ఆక్సిజన్ పెరిగితే అదే సిలిండర్‌లో ఎక్కువ పెట్రోలు కాలుతుంది. కారుకు బిగించే నైట్రస్ కిట్ చేసే పనంతా ఇదే.

ఈ వాయువును 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ తయారు చేశాడు. 1800 నాటికి హంఫ్రీ డేవీ దాన్ని పీల్చి చూసి, నవ్వు పుట్టించే గుణాన్ని పుస్తకానికెక్కించాడు. తర్వాత అది మత్తుమందుగా పళ్ల డాక్టర్ల చేతికి వచ్చింది. నైట్రస్‌ను ఇంజిన్‌కెక్కించింది మాత్రం రెండో ప్రపంచయుద్ధం. గాలి పలచబడే ఎత్తుల్లో విమానాలు నీరసపడకుండా జర్మన్లు జీఎం-1 అనే ఏర్పాటుతో దీన్ని వాడారు. అమెరికా కార్ల రేసుల్లో అది స్థిరపడ్డాక, 1978లో కాలిఫోర్నియాలో నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ కంపెనీ మొదలైంది. "నాస్" అన్న పేరు దానిదే.

తెలుగు కుర్రాళ్లకు ఆ పేరు మెకానిక్ షెడ్డులో కన్నా ముందు తెర మీదే పరిచయమైంది. 2001లో "ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్" వచ్చింది. 2003లో "నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్" గేమ్ నెట్ సెంటర్లకు చేరింది. రెండింట్లోనూ మీట నొక్కితే కారు బాణంలా దూసుకుపోతుంది. మీట వెనకున్న లెక్క ఏదీ కనబడదు.

హైదరాబాదులో తెలుగు సినిమాకు నెలవైన ఫిల్మ్‌నగర్‌కు అసలు ఆ నైట్రస్ బాటిల్‌తో పనే పడలేదు. సినిమా వేగం కెమెరాలోనే పుట్టేది. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 18 తీసి మామూలుగా ఆడిస్తే, గంటకు 60 కిలోమీటర్లలో పోయే కారు తెర మీద 80లో పోతుంది. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన సుమోలను లేపింది కూడా ఇంజిన్ బలం కాదు, ఫైట్ మాస్టర్ల పనితనం. అదే వేగాన్ని నిజమైన రోడ్డు మీద చూపించాలనుకున్నవాళ్లకు స్టూడియోలు దాటగానే జూబ్లీహిల్స్ రోడ్లున్నాయి. 1960ల్లో హౌసింగ్ సొసైటీ కొండరాళ్ల మధ్య ఇళ్ల కోసం వేసుకున్న కాలనీ అది. ఎత్తుపల్లాలూ మలుపులూ దాని సొత్తు. 2017 మే నెలలో రోడ్ నంబర్ 36లో ఒక ఖరీదైన కారు మితిమీరిన వేగంతో మెట్రో పిల్లర్‌ను ఢీకొని ఇద్దరు యువకులు చనిపోయారు. అంత వేగానికి షోరూమ్ నుంచి వచ్చిన ఇంజినే చాలు.

కిట్‌ను జాగ్రత్తగా వాడటమంటే ముందు పెట్రోలు లెక్క చూసుకోవడం. నైట్రస్ పెరిగి దానికి తగ్గ పెట్రోలు అందకపోతే మిక్చర్ పలచబడి, వేడికి పిస్టన్ కరుగుతుంది. అందుకే నైట్రస్‌ను తక్కువగా వదిలే చిన్న జెట్‌తో మొదలుపెడతారు, స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుపుతారు, చల్లటి రకం ప్లగ్గులు వేస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆర్‌పీఎం తగినంత పెరిగాక తప్ప నైట్రస్ వాల్వ్ తెరవరు. తక్కువ ఆర్‌పీఎంలో తెరిస్తే ఇంటేక్‌లోనే మంట అంటుకోవచ్చు.

ఈ ఊళ్లో అంతకన్నా పెద్ద చిక్కు ఎండ. బాటిల్‌లో నైట్రస్ ఒత్తిడి కింద ద్రవంగా ఉంటుంది. 36.4 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా నిలవదు, లోపలి ఒత్తిడి గబగబా పెరిగిపోతుంది. మే నెలలో హైదరాబాదు నీడలోనే 40 దాటుతుంది, ఎండలో ఆపిన కారు డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. రాసిన బరువుకు మించి బాటిల్ నింపకూడదనేదీ, ఒత్తిడి హద్దు మీరితే చిరిగి వాయువును వదిలేసే సేఫ్టీ డిస్క్ ఉండాలనేదీ, ఆ వాయువు కారు బయటికి పోయేలా గొట్టం వేయాలనేదీ ఇందుకే. ఫిట్టింగులకు గ్రీజు తగలనివ్వరు. కార్ల కోసం అమ్మే నైట్రస్‌లో, ఎవరూ పీల్చకుండా, కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా రోడ్డు మీద చట్టం ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ పడవచ్చు. రోడ్డు మీద రేసులు పెట్టుకోవడం వేరే నేరం.

కాబట్టి నైట్రస్‌కు తగిన చోటు ట్రాకే. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఆ ఊరి పక్కన షోళవరం రన్‌వే మీద రేసులు జరిగేవి. హైదరాబాదులో ప్రపంచ స్థాయి రేసు 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున తాత్కాలికంగా కట్టిన ట్రాక్ మీద జరిగింది. అది ఫార్ములా ఈ. ఆ కార్లన్నీ బ్యాటరీవే.